వరసకి బావమరిది

ఆ బజారులో ఆయన్ని అందరూ వరసల మాస్టర్ అనేవారు. టైలర్ని మాస్టర్ అనడం ఎక్కడైనా ఉన్నదే కాబట్టి ఆ సగానికి ఆయన పొంగిపోయేది లేదు. వరసల అన్న సగం మాత్రం ఆయన సొంత సంపాదన. కొత్త మనిషి షాపు మెట్టెక్కి, గుడ్డ బల్లమీద పెట్టి, చేతులు పక్కకి చాపి నిలబడేలోపే వరస తేల్చేసేవాడు. తనకంటే పెద్దవాళ్ళు బాబాయిలు, పొట్ట ఉన్నవాళ్ళు మావయ్యలు, కబుర్లు చెప్పేవాళ్ళు బావలు, బేరమాడేవాళ్ళు కూడా బావలే. ముక్కూమొహం తెలియనివాడి మెడకి టేపు చుడితే వాడికి భయం, తనకి మొహమాటం, మధ్యలో కొలత తప్పుతుంది. అందుకని ముందు వరస కలపాలి, తర్వాతే టేపు తీయాలి అని ఆయన సిద్ధాంతం.

ఆయన కొలతల పుస్తకం ఇంకొకరి చేతిలో పెడితే తలా తోకా తెలిసేది కాదు. అందులో ఒక్క పేరూ ఉండదు. పెద్ద బావ, గళ్ళచొక్కా బావ, నత్తి బాబాయి, కొత్త మావయ్య, ఇలా పేజీకొకరు. ఛాతీ, నడుము, చెయ్యి పొడవు అంకెలు వేసి పక్కన చిన్న అక్షరాలతో మిగతా సంగతులు రాసుకునేవాడు. ఒకాయనకి కుడి భుజం అరంగుళం కిందికి ఉంటుంది. ఇంకొకాయనకి గూని, కాలరు వెనక కాస్త వదులు పెట్టాలి. ఊరివాళ్ళు ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు దాచుకునే ఒంటి లోపాలన్నీ ఆ పుస్తకంలో ఉండేవి, కానీ అవి ఎవరివో చెప్పాలంటే మాస్టరే చెప్పాలి.

షాపు వెనక గదే ఇల్లు. కాజాలు, బొత్తాలు, అంచు కుట్లు ఆయన భార్య పని. ఆవిడకి ఈ వరసల మీద ఏనాడూ గురి లేదు. "ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి చోటు లేదు" అని సూదిలో దారం ఎక్కిస్తూ అనేది. నిరుడు ఆయన పదిరోజులు జ్వరంతో పడుకుంటే ఈ బావల్లో ఒక్కడూ తొంగిచూడలేదని ఆవిడ ఫిర్యాదు. ఒక్కడూ అనడం పూర్తిగా నిజం కాదు. తమ్ముడు వచ్చాడు. రోజూ వచ్చాడు.

ఈ తమ్ముడు పంపుల మెకానిక్. ఐదేళ్ళ కిందట, అవతలి లోయలో గొడవల్లో ఇల్లు కూలిపోతే, ముసలి తల్లిని వెంటబెట్టుకుని ఈ ఊరొచ్చాడు. చేతిలో పానాల సంచీ తప్ప ఏమీ లేదు. ఎక్కడికెళ్ళినా ఇంటివాళ్ళు ఒకటే అడిగేవారు, ఈ ఊళ్ళో మీవాళ్ళెవరున్నారని. ఎవరూ లేరంటే గది లేదు. చిరిగిన చొక్కా కుట్టించుకోవడానికి షాపుకొచ్చి, మాటల్లో ఆ సంగతి చెప్పాడు. మాస్టర్ టేపు మెడలో ఉండగానే వాడితో నడిచి వెళ్ళి, నూనె మిల్లు వెనక గదులున్న ఆసామితో "వీడు మా తమ్ముడు" అన్నాడు. ఆసామి మారు మాట్లాడకుండా తాళంచెవి ఇచ్చాడు. ఆ సాయంత్రం నుంచీ మెకానిక్ ఆయన్ని అన్నా అనేవాడు, భార్యని వదినా అనేవాడు, వాడి తల్లి మాస్టర్‌ని పెద్దాడా అనేది. పుస్తకంలో బావలు చాలామంది ఉన్నారు గానీ, తమ్ముడు అన్న పేజీ ఒక్కటే.

ఊరవతల దిబ్బమీద సైన్యం క్యాంపు పెట్టి మూడేళ్ళు కావస్తోంది. కొండల్లోకి వెళ్ళి తుపాకులు పట్టినవాళ్ళకోసం వీళ్ళ వెతుకులాట. వెళ్ళినవాళ్ళలో ఈ బజారు మనిషి ఒకడున్నాడు, లారీ డ్రైవర్. భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ వదిలేసి పోయాడు. ఆవిడ పిల్లల యూనిఫారాలు మాస్టర్ దగ్గరే కుట్టించేది. డ్రైవర్ ఊసు షాపులో ఎవరూ ఎత్తేవారు కాదు. గోడలకి చెవులుంటాయని చిన్నపిల్లలకి కూడా తెలిసిన రోజులవి.

అలాంటి రోజుల్లో, ఓ పొద్దున షాపు ముందు సైన్యం జీపు ఆగింది. ఇద్దరు సిపాయిలు దిగి మెట్ల దగ్గర నిలబడ్డారు. వాళ్ళ మధ్యలోంచి నలభై ఏళ్ళ ఆడమనిషి ఒకావిడ లోపలికొచ్చింది. చేతిలో మందపాటి ఆకుపచ్చ కోటు. నమస్కారం పెట్టి, పుస్తకంలోంచి చదువుతున్నట్టు, "అయ్యా, ఈ వస్త్రము నాకు మిక్కిలి పెద్దదిగా ఉన్నది. దీనిని చిన్నది చేయగలరా?" అంది. కాజాలు కుడుతున్న భార్యకి నవ్వాగక లోపలికి లేచిపోయింది.

మాస్టర్ కోటు తిరగేసి చూశాడు. భుజంమీదా, జేబుమీదా గుండ్రంగా, నలుచదరంగా సన్నటి సూది బెజ్జాలు. బిళ్ళలు కుట్టి ఉన్నచోట దారాలు విప్పేశారు. ఆయన ఆ బెజ్జాల మీద వేలు పెట్టి ఆవిడవైపు చూశాడు. ఆవిడ గమనించింది. తను సైన్యానికి చెందినది కాదనీ, విశ్వవిద్యాలయంలో మనుషుల గురించి చదువు చెబుతాననీ, ఏ ఊళ్ళో ఎలా బతుకుతారో తెలుసుకోవడమే తన పని అనీ చెప్పింది. మనుషులకి కూడా శాస్త్రం ఉంటుందని మాస్టర్‌కి అప్పుడే తెలిసింది. కోటు రెండు పక్కలా పట్టి, చేతులు కురచ చేసి ఇచ్చాడు. బెజ్జాలు మాత్రం అలాగే ఉన్నాయి. కుట్టు విప్పినా బెజ్జం పోదని ఆ రాత్రి అన్నంముందు కూర్చుని భార్య రెండుసార్లు అంది.

ఆవిడ వారానికి నాలుగురోజులు రావడం మొదలుపెట్టింది. కస్టమర్ల స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని, ఏం చెప్పినా "ఎందుకు?" అనేది. పెద్దవాళ్ళ పేరెత్తరు, ఎందుకు? ఇంటి ముందు చెప్పులు విప్పుతారు, ఎందుకు? రెండువారాలు తిరక్కుండానే బజారు ఆవిడకి ఎందుకమ్మ అని పేరు పెట్టేసింది. ఎందుకమ్మ వస్తోందంటే పళ్ళకొట్టు ఆయన కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు కూర్చునేవాడు. మాస్టర్‌కి మాత్రం లోపల్లోపల బాగుండేది. నలభై ఏళ్ళుగా ఆయన అందరికీ కొలతలు తీశాడు గానీ, ఆయన్ని కూర్చోబెట్టి నీకేం తెలుసో చెప్పమన్నవాళ్ళు లేరు. మూడోవారానికి ఆవిడకి కూడా వరస కలిపేశాడు. చెల్లెమ్మా అన్నాడు. ఆవిడ ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీసింది.

ఆయన మరీ అమాయకుడేం కాదు. ముందు ఒక రాయి వేసి చూశాడు. మంచినీళ్ళ కుళాయి దగ్గర సిపాయిల కాపలా ఉండేది, ఆడవాళ్ళు బిందె పట్టుకుని వెళ్ళాలంటే వాళ్ళ ముందు నిలబడి కార్డు చూపించాలి. దానివల్ల ఆడపిల్లలు నీళ్ళకి వెళ్ళడం మానేశారని ఆవిడతో చెప్పాడు. ఐదోరోజుకల్లా కాపలా అక్కణ్ణుంచి లేచి రోడ్డుమీదికి పోయింది. బజారంతా ఆశ్చర్యపోయింది. ఆ కబురు వెళ్ళింది తన నోటినుంచే అని మాస్టర్ ఎవరికీ చెప్పలేదు. అలాగని చెప్పకుండా ఉండలేక తమ్ముడికి చెప్పాడు. వాడు చేతులకి అంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, "కుళాయి గురించి అడిగినవాళ్ళు రేపు ఇంటిగురించి అడుగుతారు అన్నా, చూసుకో" అన్నాడు.

ఎందుకమ్మ కూడా ఏదీ దాచేది కాదు, అదే చిత్రం. ఓ మధ్యాహ్నం ఆవిడే చెప్పుకొచ్చింది. తన విశ్వవిద్యాలయంలో పెద్దలందరూ తనమీద కోపంగా ఉన్నారట. మనుషుల్ని నమ్మించి తెలుసుకున్న సంగతులు తుపాకి పట్టినవాడి చెవిన వేయకూడదని కాగితం రాసి నాలుగువందల మంది సంతకాలు పెట్టారట. అందులో మొదటి సంతకం తనకి చదువు చెప్పిన గురువుదేనట. మరి ఎందుకొచ్చావని ఈసారి మాస్టర్ అడిగాడు. తను రాకపోయినా సైన్యం వస్తుంది, గుడ్డిగా వస్తుంది, కళ్ళున్నవాళ్ళు ఒకరు పక్కన ఉంటే పదిమంది ప్రాణాలైనా మిగులుతాయి, కుళాయి సంగతి మీరే చూశారు కదా అంది. తనకి చెప్పినవాళ్ళ పేరు ఎక్కడా బయటపెట్టనని, అది తమ శాస్త్రంలో మొట్టమొదటి నియమమనీ చెయ్యెత్తి మాటిచ్చింది. తను కొలతలు మాత్రమే తీస్తానని, కత్తెర పట్టుకోనని కూడా అంది. టైలర్ దగ్గర మాట్లాడుతున్నాను కదా అని ఆ పోలిక తెచ్చినట్టుంది. మాస్టర్ తలూపాడు గానీ ఆ మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. ఆయన షాపులో కొలత తీసేదీ ఆయనే, కత్తిరించేదీ ఆయనే.

అయినా చెప్పడం మానలేదు. పొగడ్త అలాంటిది. తర్వాత వారం ఆవిడ వరసల పాఠం అడిగింది. ఈ బజారులో ఎవరు ఎవరికి ఏమవుతారని. మాస్టర్‌కి అది కొట్టినపిండి. ఎవరెవరిని ఏమని పిలుస్తాడో వేళ్ళు మడిచి వల్లించాడు. నూనె మిల్లు వెనక ఉండే మెకానిక్ తమ్ముడు. పిల్లల యూనిఫారాలు పట్టుకుని మెట్టెక్కుతున్న ఆవిడని చూపించి, చెల్లెమ్మ అన్నాడు. ఆవిడ భర్త లారీ డ్రైవర్ అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వలేదు. ఆ విషయంలో తనంత జాగ్రత్తపరుడు లేడనుకున్నాడు. ఎందుకమ్మ పెన్ను ఆపకుండా అడిగింది, చెల్లెలి భర్త ఏమవుతాడని. బావ అన్నాడు. మరి మీ తమ్ముడికి? వాడికీ బావే. మీ తమ్ముడు ఆయనకి ఏమవుతాడు? "ఇంకేమవుతాడు చెల్లెమ్మా, బావమరిది" అని, ఒకటో ఎక్కం అప్పజెప్పిన పిల్లాడిలా నవ్వాడు.

అది జరిగిన తొమ్మిదోరోజు, పొద్దున పదిగంటలకి, రెండు జీపులు నూనె మిల్లు పక్కనున్న పంపుషెడ్డు ముందు ఆగాయి. మెకానిక్ బోల్టు బిగిస్తున్నాడు. ఆ మిల్లులో పనిచేసే కూలీ ఒకడు పక్కనే ఉండి జరిగిందంతా చూశాడు, తర్వాత బజారంతా వాడే చెప్పాడు. భాష కాస్త వచ్చిన సిపాయి ఒకడు ముందుకొచ్చి, నువ్వు లారీ డ్రైవర్ బావమరిదివేనా అని అడిగాడట. మెకానిక్‌కి అర్థం కాలేదు. డ్రైవర్‌ని వాడు ఎన్నడూ చూసిందే లేదు. వాళ్ళింట్లో చేతిపంపు రెండుసార్లు బాగుచేశాడు, అంతే. అన్న ఆవిణ్ణి చెల్లెమ్మా అంటాడు కదా అని గుర్తొచ్చి, లెక్క కట్టి, నవ్వి, "వరసకి అవుతాను" అన్నాడట.

వరసకి అవుతాను అంటే కానని అర్థం. పాలుతాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి. వరసకి మావయ్య అంటే మావయ్య కాదు, వరసకి కూతురు అంటే కన్న కూతురు కాదు. కానీ ఆ సిపాయికి 'అవుతాను' ఒక్కటే వినిపించింది. పానా చేతిలో ఉండగానే రెండుచేతులూ వెనక్కి విరిచి కట్టారు.

కబురు వినగానే మాస్టర్ చేతిలో ఉన్న కత్తెర బల్లమీద పెట్టాడు, మళ్ళీ ఆ రోజు ముట్టుకోలేదు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఎవరు గొంతు తగ్గించి మాట్లాడినా తన గురించే అనిపించేది. మరునాటినుంచీ షాపులో వింత ఒకటి మొదలైంది. కుట్టుకి వచ్చిన ప్రతివాడూ పాత చొక్కా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చేవాడు. "కొలతలొద్దు మాస్టర్, ఆది తెచ్చాను" అని అది బల్లమీద పడేసి, మెట్టు కిందే నిలబడేవాడు. ఆ చొక్కా చూసి అదే సైజుకి కుట్టమని. నలభై ఏళ్ళ టైలర్‌కి అంతకంటే అవమానం లేదు. టేపు రోజంతా మెడలో ఊరికే వేలాడేది. బావా అన్న పిలుపు లేదు, తను పిలిస్తే పలికేవాళ్ళూ తగ్గిపోయారు. లారీ డ్రైవర్ భార్య సగం కుట్టిన యూనిఫారాలు అలాగే అడిగి పట్టుకుపోయింది.

మూడోరోజు మెకానిక్ తల్లి వచ్చింది. క్యాంపు గేటు దగ్గర రెండురోజులు కూర్చుని, లోపలికి పోనివ్వకపోతే ఇటొచ్చింది. మాస్టర్ భార్య మంచినీళ్ళిస్తే తాగి, గ్లాసు కింద పెట్టి, అడిగింది.

"పెద్దాడా, నువ్వేమైనా అన్నావా?"

"ఏమీ అనలేదమ్మా. నా తమ్ముడని అన్నాను."

"అది అబద్ధం కాదు కదరా. దానికెందుకు పట్టుకుపోయారు?"

ముసలావిడ వెళ్ళాక భార్య చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. "కాలు జారితే తీసుకోవచ్చు. వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోవడానికి వీలవుతుందేమో చూడు" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ లేనిది భార్య అంత మెత్తగా మాట్లాడేసరికి ఆయనకి భయం వేసింది.

క్యాంపు గేటు దగ్గర ఆయన తన పేరు చెప్పాడు. ఎందుకమ్మ పేరు ఆయనకి తెలియదు, కోటు కురచ చేయించుకున్నావిడ అన్నాడు. అరగంటలో ఆవిడే బయటికొచ్చి లోపలికి తీసుకెళ్ళింది. ఇనప రేకుల గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి దుప్పటంత కాగితం. దానిమీద ముక్కోణాలు, సున్నాలు, వాటిని కలుపుతూ గీతలు. మొగవాళ్ళు ముక్కోణాలు, ఆడవాళ్ళు సున్నాలు అని ఆవిడ చెప్పింది. మాస్టర్‌కి చూడగానే అర్థమైంది. గోడకి మేకులు కొట్టి పరిచింది తన నోటి మాటలే. చెల్లెమ్మ సున్నా, దాని పక్కన ఎర్రసిరాతో, ఆయన చెప్పకపోయినా సైన్యానికి ముందే తెలిసిన డ్రైవర్ ముక్కోణం, అక్కణ్ణుంచి గీత పైకెక్కి కిందికి దిగి మెకానిక్ దగ్గర ఆగింది. వరస ప్రకారం చూస్తే ఒక్క తప్పు లేదు.

తను ఎక్కడున్నానని అడిగాడు. ఆవిడ ఖాళీ ముక్కోణం ఒకటి చూపించింది. అందులో ఏడు అని అంకె ఉంది. చెప్పినవాళ్ళ పేరు రాయకూడదనేది నియమం కాబట్టి ఆయన ఏడో నంబరు మనిషి. అందుకే ఎవరూ ఆయన జోలికి రాలేదు.

మాస్టర్ చాలాసేపు ఆ ఏడు వైపు చూశాడు. అప్పుడు కోపం వచ్చింది. బజారులో ఇంతవరకూ ఆయన కోపం ఎవరూ చూడలేదు.

"చెప్పినవాణ్ణి దాచారు. ఎవరి గురించి చెప్పానో వాణ్ణి పట్టించారు. ఇదేం నియమం?"

"నేను పట్టించలేదు. నేను పటం గీసి ఇచ్చాను, అంతే."

"కొలతలే తీస్తానన్నారు. మరి బట్ట ఎవరు కత్తిరించారు?"

ఆవిడ బల్లమీదున్న పెన్నుకి మూత పెట్టింది.

"మిమ్మల్నీ చెల్లెమ్మా అనే పిలిచాను కదా. మీ లెక్క ప్రకారం డ్రైవర్ మీక్కూడా బావే అవుతాడు. మిమ్మల్నెందుకు పట్టుకోలేదు? ఈ కాగితంలో మీరెక్కడున్నారు?"

ఆవిడ గోడవైపు తిరిగింది. గీసినవాళ్ళు అందులో ఉండరని చెప్పబోయి సగంలో ఆపేసింది. తర్వాత వచ్చిన మాట పుస్తకంలోది కాదు, ఆయన షాపులో స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నది. "నాకు తెలీలేదు మాస్టర్" అంది. అది నిజమే అయి ఉండాలి. నిజమైనా ఆయనకి జాలి కలగలేదు. ఆవిడ గురువు ఎందుకు సంతకం పెట్టాడో ఇప్పటికైనా తెలిసిందా అని అడగాలనిపించింది. అడగలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అనుకున్నాడు, అంతే.

ఆఫీసరు దగ్గరికి ఆవిడే తీసుకెళ్ళింది. ఇది మాట తీరే తప్ప చుట్టరికం కాదని వాళ్ళ భాషలో చాలాసేపు చెప్పింది. చేతులు తిప్పుతూ, మధ్యమధ్యలో మాస్టర్‌ని చూపిస్తూ వాదించింది. ఆఫీసరు తెల్లకాగితం ఒకటి ముందుకి తోశాడు. ఈ మనిషి నీకేమవుతాడో నీ చేత్తో రాసి, నీ పేరుతో సంతకం పెట్టు అన్నాడు. మాస్టర్ 'వరసకి తమ్ముడు' అని రాశాడు. ఎందుకమ్మ తలడ్డంగా ఊపింది. 'వరసకి' అన్న మాట వాళ్ళ భాషలోకి వెళ్ళదు, వెళ్ళేసరికి తమ్ముడు ఒక్కటే మిగులుతుంది, అవుతాడో కాడో తేల్చి రాయాలి అంది. కొత్త కాగితం ఇచ్చారు. దానిమీద పైన మనిషి పేరు రాయమన్నారు.

మాస్టర్ పెన్ను అక్కడే ఆగిపోయింది. తమ్ముడి పేరు ఆయనకి తెలియదు. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా అవసరం పడలేదు.

వాళ్ళ దగ్గర కార్డులో పేరు ఉంది గానీ, పేరు కూడా తెలియని మనిషి సాక్ష్యం తీసుకోవడమెలా అని ఆఫీసరు నవ్వాడు. ఎందుకమ్మ ఏదో చెప్పి రేపటిదాకా గడువు ఇప్పించింది. ఆయన ఎండలో నడిచి నూనె మిల్లు వెనక గదికి వెళ్ళి తలుపు తట్టాడు. సంగతి విన్నాక ముసలావిడ ఆయన మొహంలోకి చూసి, "వాడి పేరు నీకు తెలియదా?" అంది. ఆ తర్వాత చెప్పింది. ఇంటిపేరుతో సహా, రెండుసార్లు, మరిచిపోకుండా. పెద్దాడా అని మాత్రం అనలేదు.

మరునాడు ఆయన కాగితం రాశాడు. పైన పేరు. కింద, ఈ మనిషి నా తమ్ముడు కాడు, నా చుట్టం కాడు, నాకు ఏమీ కాడు. 'ఏమీ' దగ్గర ఒత్తిడికి కాగితం కాస్త చిరిగింది. ఆఫీసరు చూసి బాగుందన్నాడు.

ఎనిమిదిరోజుల తర్వాత, పట్టుకెళ్ళిన పన్నెండోరోజున, మెకానిక్‌ని వదిలేశారు. ఆ కాగితం వల్ల వదిలారో, ఎందుకమ్మ రాసిన ఉత్తరాల వల్ల వదిలారో, ఇంకెవణ్ణైనా పట్టుకుని వీణ్ణి వదిలారో ఎవరికీ తెలియదు. ఎందుకమ్మ ఆ వారంలోనే వెళ్ళిపోయింది. ఉద్యోగం మానేసిందని కొందరన్నారు. పై హోదా ఇచ్చి ఇంకో దేశం పంపారని కొందరన్నారు. వెళ్ళేముందు మనిషితో ఆ కోటు షాపుకి పంపింది, ఉత్తరం ముక్క కూడా లేకుండా. ఆ కోటు ఎందుకు పంపిందో, క్షమాపణగానో పారేసినట్టో, మాస్టర్ ఇప్పటికీ తేల్చుకోలేదు. భార్య దాన్ని ముక్కలు చేసి ఇస్త్రీ బల్లమీద పరిచింది.

విడుదలైన మూడోరోజు మెకానిక్ షాపుకొచ్చాడు. చంకలో పాత చొక్కా లేదు. అది చూడగానే మాస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆది తేలేదంటే కొలత ఇవ్వడానికి వచ్చాడన్నమాట. వాడు గుడ్డ బల్లమీద పెట్టి, చేతులు పక్కకి చాపి నిలబడ్డాడు. ఎడమ మణికట్టు చుట్టూ చర్మం నల్లబడి ఉంది. మాస్టర్ ఏదో అడగబోతే, లోపల కొట్టలేదని, మొదటి ఒక్కరోజు తప్ప అని వాడే అన్నాడు. తర్వాత మామూలుగానే చెప్పాడు. వదిలేముందు ఒక కాగితం తెచ్చి చదివి వినిపించారట. భాష వచ్చిన సిపాయి ఒక్కో ముక్కా చదివి, అర్థమైందా అని అడిగాడట.

"అర్థమైందన్నాను."

"అది నిన్ను బయటికి తేవడానికి రాసిందిరా."

"తెలుసు. తప్పేం లేదు. అలా రాయకపోతే వదిలేవాళ్ళు కాదు."

మాస్టర్ టేపు తీశాడు. ఛాతీ రెండంగుళాలు తగ్గింది, మెడ ముప్పావు. అంకెలు ఒక్కొక్కటే పైకి చెబుతుంటే భార్య కొలతల పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. తమ్ముడు అని రాసి ఉన్న పేజీ తీసి, పాత అంకెలు కొట్టేయడానికి చూసింది.

"అందులో వద్దమ్మా" అన్నాడు మెకానిక్. వదినా అనలేదు. "వేరే పేజీలో రాయండి. పేరుతో రాయండి."

ఆవిడ మొగుడివైపు చూసింది. మాస్టర్ టేపు మెడలో వేసుకున్నాడు. ఆవిడ కొత్త పేజీ తిప్పి, ఏం పేరని అడిగింది. మెకానిక్ చెప్పేలోపే మాస్టర్ చెప్పాడు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పుపోకుండా. ఒకసారి తన చేత్తో రాసిన పేరే కదా.